పిన్నితో పట్టాయా: ఐదు రోజుల సముద్రతీరం, ఒక సాయంత్రం క్యాబరే

మొదటి రోజు, చెన్నై

మా పిన్నికి డెబ్బై రెండేళ్ళు. సాలిగ్రామంలో, ఒకప్పుడు సినిమావాళ్ళతో కిటకిటలాడిన వీధుల్లోనే, రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటున్నది. కృష్ణా జిల్లాలోని మా ఊళ్ళో కూచిపూడి అడుగులు నేర్చుకుని, 1970లో పదహారేళ్ళ వయసున మద్రాసు వచ్చి, ఆ తరువాత మరో పదహారేళ్ళు తెలుగు, తమిళ చిత్రాల్లో గ్రూపు డాన్సరుగా పనిచేసింది. ఆ కాలపు క్లబ్బు పాటల మాట వస్తే జ్యోతిలక్ష్మి, జయమాలిని పేర్లు తెలుగువారికి వెంటనే గుర్తుకొస్తాయి. వెనుక ఎనిమిదిమందో పన్నెండుమందో వరుసకట్టి ఆడినవారి పేర్లు ఎవరూ అడగరు. పిన్ని ఆ వెనుక వరుసల మనిషి.

నిరుడు దసరాకు ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు టీవీలో ఏదో పాత పాట వస్తున్నది. చుట్టూ బల్లలు, గాజు గ్లాసులు, రంగు దీపాలు, నడుమ నాట్యం. పిన్ని చూస్తూ చూస్తూ, "ఇన్ని క్లబ్బు పాటల్లో ఆడాను గాని అమ్మాయ్, నిజం క్లబ్బులో ఆట ఎలా ఉంటుందో నేను ఒక్కనాడూ చూడలేదు. మాకు తెలిసినదంతా సెట్టే. ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా రోజుకూలి బేటాకు వచ్చినవాళ్ళే" అన్నది. ఆ మాట నన్ను వదలలేదు. డాన్సరు ఒక్కసారైనా తెర ఎదుట కుర్చీలో కూర్చుని చూడాలని నాకు గట్టిగా అనిపించింది. సముద్రం అంటే ఆమెకు ప్రాణం. అందుకే సముద్రమూ, క్యాబరే అనే క్లబ్బు ఆటా రెండూ దొరికే థాయ్‌లాండ్‌లోని పట్టాయాకు ఫిబ్రవరిలో ఐదు రోజుల ప్రయాణం కట్టాను. వానలు లేని కాలం. మేము వెళ్ళినప్పుడు భారతీయులకు వీసా అక్కర్లేదు.

థాయ్‌లాండ్‌లో దిగేముందు మూడు రోజులలోపు ఆన్‌లైన్‌లో ఒక రాక పత్రం నింపాలి. అందులో వృత్తి అన్న గడి దగ్గర నేను ఆగి పిన్ని వైపు చూశాను. "రిటైర్డ్ అని రాసెయ్" అన్నది. ఏ పని నుంచి రిటైరైనట్టు అని నేను అడగలేదు. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు వచ్చినప్పుడు, ఎవరైనా ఆరా తీస్తే, పెద్దవాళ్ళు "సినిమా కంపెనీలో పని చేసేది" అని మాట దాటవేసేవారు; అకౌంట్సులో పని అనుకునేవారు కొందరు. పిన్ని కూడా ఆ మాటను దిద్దేది కాదు. రాత్రి పదింటికి ఆమెను కారులో ఎక్కించుకుని మీనంబాక్కం బయలుదేరాము. అర్ధరాత్రి దాటాక విమానం.

రెండవ రోజు

చెన్నై నుంచి బ్యాంకాక్‌కు మూడున్నర గంటల లోపే. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది కాబట్టి, కునుకు పట్టేలోగానే తెల్లవారిపోయింది. విమానాశ్రయం పేరు సువర్ణభూమి అని చదివి పిన్ని ముచ్చటపడింది. అక్కడి నుంచి పట్టాయాకు సుమారు 120 కిలోమీటర్లు. నేరుగా బస్సు ఉంది, రెండు గంటల్లో చేరుకున్నాము.

గది సర్దుకుని, పడుకుని లేచి, సాయంత్రం తీరానికి వెళ్ళాము. తూర్పు తీరంలో పుట్టి పెరిగిన మాకు సముద్రం మీద సూర్యోదయమే గాని అస్తమయం తెలియదు. పట్టాయా తీరం పడమటి ముఖంగా ఉంటుంది. ఎర్రటి బింబం నీళ్ళలోకి జారిపోతుంటే పిన్ని చెప్పులు చేతపట్టుకుని, ఆ ఎరుపు పూర్తిగా పోయేవరకు అలాగే నిలబడింది. మెరీనాలో నీళ్ళలోకి దిగడానికి భయపడే మనిషి, ఇక్కడ అలలు లేకపోవడం చూసి మోకాళ్ళ దాకా వెళ్ళింది.

భోజనానికి బండి దగ్గర పచ్చి బొప్పాయి కోరు తీసుకున్నాము. మిరపకాయలు, వెల్లుల్లి, వేరుసెనగపప్పు, నిమ్మరసం వేసి రోట్లో దంచి ఇస్తారు. "ఇది మన రోటి పచ్చడే, ఆవపెట్టడం మరిచిపోయారు" అన్నది పిన్ని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పట్టాయా ఒకప్పుడు చేపలు పట్టేవారి పల్లె. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులు సెలవులకు ఇక్కడికి రావడం మొదలయ్యాక బార్లు, హోటళ్ళు పుట్టుకొచ్చాయి, దేహవ్యాపారమూ వచ్చింది. ఈ ఊరి పేరు చెబితే మనవాళ్ళు పెదవి విరిచేది అందుకే. నేను ఆ వీధుల వైపు వెళ్ళలేదు, వాటి గురించి రాయబోను. మేము చూడదలచినది టికెట్టు కొని కుర్చీల్లో కూర్చుని చూసే నాట్యప్రదర్శన. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లనే మా పిన్ని లాంటివారు తమ పని పేరు చెప్పుకోలేకపోయారన్నది నా గట్టి అభిప్రాయం.

మూడవ రోజు

ఉదయం ఊరికి ఉత్తరాన, సముద్రపుటొడ్డున ఉన్న కొయ్య మందిరానికి వెళ్ళాము. ఆంగ్లంలో శాంక్చువరీ ఆఫ్ ట్రూత్ అంటారు. దాని థాయ్ పేరును మన వైపు నుంచి పలికితే ప్రాసాద సత్యధర్మ అవుతుంది. 1981లో మొదలై ఇంకా కడుతూనే ఉన్నారు. నూరు మీటర్లు దాటిన ఎత్తు, అంతా కలపే, బ్రహ్మ విష్ణు మహేశ్వరులూ బుద్ధుడూ ఒకే కప్పు కింద. శిల్పులు ఉలితో పని చేస్తుండగానే చూడవచ్చు. పిన్ని అప్సరసల ముందు చాలాసేపు నిలబడి, మోచేయి ఎక్కడ విరిచారో, తుంటి ఎటు వాలిందో చూసింది. మధ్యాహ్నం ఎండ ముదరకముందే గదికి తిరిగివచ్చి, సాయంత్రం కోసం విశ్రాంతి తీసుకున్నాము.

ప్రదర్శన టిఫనీస్ అనే థియేటరులో. పట్టాయాలో ఇలాంటివి ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. 1981లో మొదలైన అల్కజార్ కూడా పేరున్నదే. మేము పాతదాన్ని ఎంచుకున్నాము. 1974లో మొదలైన ఈ ప్రదర్శనలో ఆడేవారిలో అత్యధికులు ట్రాన్స్ మహిళలు. థాయ్‌లో కథోయి అంటారు, మన చెన్నైలో తిరునంగై అంటారు. ఈ సంస్థే 1998లో ట్రాన్స్ మహిళలకు జాతీయ స్థాయి అందాల పోటీని, 2004లో అంతర్జాతీయ పోటీని మొదలుపెట్టింది. ఈ సంగతి పిన్నికి ముందుగానే చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "మా ఊరి పక్కనే కూచిపూడి. చిన్నప్పుడు వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసి, ఆడదానిగా పుట్టిన నాకు ఆ నడక రాదే అని ఏడ్చాను" అన్నది. అయితే స్త్రీవేషం కట్టడం వేరు, స్త్రీగా బ్రతకడం వేరు. శర్మగారు వేషం తీసి ఇంటికి వెళ్ళేవారు. ఇక్కడివారికి తీసివేయవలసిన వేషం ఏదీ లేదు. ఆ తేడా పిన్నికి నేను వివరించనవసరం లేకపోయింది. కోడంబాక్కంలో మేకప్పు గదుల్లో, దుస్తుల విభాగంలో అటువంటివారితో కలిసి పనిచేశానని ఆమే చెప్పింది.

తెరిచి ఉండే పికప్పు వంటి బండి ఒకటి ఉంటుంది ఇక్కడ, వెనుక ఎదురెదురుగా రెండు బల్లలతో. దానిలో థియేటరుకు చేరాము. లోపల వెయ్యిమంది దాకా పట్టే హాలు, ఎర్రటి కుర్చీలు, పెద్ద వేదిక. బల్లలు లేవు, గ్లాసులు లేవు. పిన్ని చుట్టూ చూసి, కాస్త నిరాశగా, "ఇది మన ఆనంద్ థియేటరులా ఉందే" అన్నది. క్యాబరే అన్న మాట ఫ్రెంచివారిది. పారిస్‌లో మోమార్త్ ప్రాంతంలో 1881లో తెరిచిన ల షా న్వార్‌లో మద్యం తాగుతూ, పాటలూ పద్యాలూ వింటూ కూర్చునేవారు. 1889లో మూలాఁ రూజ్ వచ్చాక నాట్యమూ ఈకల దుస్తులూ ముందుకు వచ్చాయి. మన సినిమాల్లోని బల్లలూ గ్లాసులూ ఆ పారిస్ నుంచి హిందీ చిత్రాల మీదుగా మద్రాసు దాకా వచ్చినవే. పట్టాయా వారు ఈకలను ఉంచుకుని బల్లలను వదిలేశారు. అందువల్లనే ఇక్కడ పిల్లలతో వచ్చిన కుటుంబాలు కూడా కనిపించాయి.

దీపాలు ఆరాయి. తెర లేచింది. ఎత్తైన మెట్లు, మెట్ల మీద ఇరవైమందికి పైగా, తలల మీద మూరెడెత్తు ఈకల కిరీటాలు, ఒంటినిండా చమ్కీలు. హాలంతా ఒక్కసారిగా ఈలలు. నేను ఆ మెరుపునే చూస్తున్నాను. పిన్ని చూస్తున్నది పాదాలను.

ఎత్తు మడమల చెప్పులతో మెట్లు దిగేటప్పుడు కిందికి చూడకూడదట. చూస్తే కిరీటం ముందుకు తూలుతుంది, మెడ పట్టేస్తుంది. అందుకని మడమ వెనుక భాగాన్ని మెట్టు అంచుకు తాకించి, లోతు తెలుసుకుని, అప్పుడు బరువు వేయాలి. ఆ తాకించడం చూసేవారికి తెలియకూడదు. ఇదంతా పిన్ని నా చెవిలో చెప్పింది. సెట్టులో ఆమెకు ఒక డాన్స్ మాస్టరు నేర్పిన పద్ధతి, ఏ బడిలోనూ రాసిపెట్టని పద్ధతి, ఎక్కడో థాయ్ సముద్రతీరంలో ఇరవైమంది ఒకేసారి చేస్తుంటే చూసి ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ తరువాత ఆమె చెప్పినది నేను జీవితంలో మరువలేను: "ఎడమ నుంచి మూడో పిల్లకు కాలు బాగాలేదు చూడు. ప్రతి మెట్టుకూ కుడి కాలే ముందు వేస్తున్నది. కుడి మడమ బెణికింది."

నాకేమీ కనిపించలేదు. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు.

అంశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చైనా రాజాస్థానం, కొరియా విసనకర్రలు, థాయ్ సంప్రదాయ నాట్యం. వేళ్ళు వెనక్కి విల్లులా వంచే ఆ నాట్యం నాకు అన్నింటికంటే నచ్చింది. పాటలన్నీ ముందే రికార్డు చేసినవే. ఆడేవారు పెదవులు కదుపుతారు. దీన్ని లోపంగా చెప్పేవారున్నారు. పిన్ని ఒప్పుకోలేదు. నాగ్రా టేపు రికార్డరులో పాట వేసి, దానికి పెదవి కలిపి, అదే సమయంలో లెక్క తప్పకుండా ఆడడం ఎంత కష్టమో తనకు తెలుసునన్నది. సినిమాలో తప్పు జరిగితే కట్ చెప్పి మళ్ళీ తీస్తారు. ఇక్కడ మళ్ళీ లేదు. తెర ముందుకు ఒక్కరే వచ్చి పాడుతున్నారంటే తెర వెనుక సెట్టు మారుతున్నదని, పదిమంది ఒకరి హుక్కులు ఒకరు పెట్టుకుంటున్నారని అర్థం. ఆ ఒక్కరూ రెండున్నర నిమిషాలకు మించి కాలాన్ని పొడిగించలేరు. పిన్ని తన చేతిగడియారం చూసుకుంటూ ఆ నిమిషాలు లెక్కపెట్టింది. ప్రతిసారీ తెర సరిగ్గా వేళకు లేచింది. ఆమె చప్పట్లు కొట్టింది నాట్యాలకంటే ఎక్కువగా ఆ తెరకే.

ఒక హిందీ పాట కూడా ఉంది. హాలులో ఉన్న మనవాళ్ళు ఎగిరి గంతేశారు గాని, పిన్నికి రుచించలేదు. "హస్తాలు పట్టారు, వాటికి అర్థం లేదు" అన్నది. నాకూ అది పైపై పనిగానే తోచింది. దుస్తుల మీద పెట్టిన శ్రద్ధ చేతుల మీద పెట్టలేదు. కొన్ని అంశాలు నాట్యం కన్నా ఊరేగింపుకు దగ్గరగా ఉన్నాయని కూడా చెప్పాలి.

కాని ఒక అంశం ఈ లోపాలన్నింటినీ మరిపించింది. ఒకే మనిషి. శరీరంలో ఒక సగం పురుషుడి సూటు, పొట్టి జుట్టు. రెండో సగం స్త్రీ గౌను, పొడవైన కురులు. యుగళగీతం. మగ గొంతు వచ్చినప్పుడు ఒక పక్క, ఆడ గొంతు వచ్చినప్పుడు రెండో పక్క చూపిస్తూ, రెండు గొంతులూ కలిసిన చరణంలో తనను తానే కౌగిలించుకుని తిరగాలి. తిరగడంలో అరక్షణం ఆలస్యమైనా రెండో ముఖం కనిపించి భ్రమ చెదిరిపోతుంది. చెదరలేదు. అర్ధనారీశ్వరుణ్ణి గుళ్ళో చూసి దణ్ణం పెట్టుకునే మనం, ఆ రూపం కదిలితే ఎలా ఉంటుందో ఊహించి ఉండము. మా వెనుక వరుసలో తెలుగువారే కొందరు యువకులు, ఎవరు మగ, ఎవరు ఆడ అంటూ గట్టిగా పందేలు వేసుకుంటున్నారు. పిన్ని వెనక్కి తిరిగి, "బాబూ, ఆట చూడనివ్వండి. వాళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని ఆడుతున్నారు" అన్నది. వాళ్ళు తలలు వంచుకున్నారు. ఆ తరువాత మాట వినబడలేదు.

సుమారు గంటా పావుకు చివరి అంశం. మళ్ళీ మెట్లు, మళ్ళీ ఈకలు. ఎడమ నుంచి మూడో అమ్మాయి ఈసారి మెట్ల మీద లేదు. కింద, చివర నిలబడి ఉంది. ఎవరో ఆమె స్థానం మార్చారు. పిన్ని ఊపిరి పీల్చుకుంది. "వెనకాల మంచి మాస్టరే ఉన్నాడు" అన్నది.

ఆట ముగిశాక నర్తకులు అదే దుస్తులతో థియేటరు ముందు వాకిట్లో వరుసగా నిలబడతారు. ప్రేక్షకులు పక్కన నిలబడి ఫోటో తీయించుకుని డబ్బు ఇస్తారు. నూరు బాత్‌లు మామూలు. బాత్ అంటే రెండున్నర రూపాయలకు పైమాటే. జనం తోసుకుంటున్నారు, కొందరు నడుముల మీద చేతులు వేస్తున్నారు. నర్తకులు నవ్వుతూనే ఆ చేతులను పక్కకు తప్పిస్తున్నారు. పిన్ని మెరిసే పెద్ద నర్తకుల దగ్గర ఆగలేదు. చివర గోడకు ఆనుకుని నిలబడిన ఆ అమ్మాయిని వెతికి పట్టుకుంది. భాష లేదు. పిన్ని వంగి, ఆమె కుడి మడమ వైపు వేలు చూపించి, కనుబొమలెగరేసింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం నివ్వెరపోయి, తరువాత పెద్దగా నవ్వి, గౌను అంచు కొద్దిగా ఎత్తింది. చెప్పు పట్టీ కింద ఒంటి రంగులో కలిసిపోయేటట్టు చుట్టిన క్రేప్ పట్టీ ఉంది. వాపు పట్టీ పైకి పొంగింది.

పిన్ని చేతిసంచిలో నుంచి అమృతాంజనం సీసా తీసింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చని మందు లేకుండా కోడంబాక్కంలో ఏ డాన్సరూ సెట్టుకు వెళ్ళేది కాదని ఆమె ఎప్పుడూ అంటుంది. ఆ సీసాను, రెండు వందల బాత్‌లను కలిపి రెండు చేతులతో ఇచ్చింది. ఆ అమ్మాయి మూత తీసి వాసన చూసి, కళ్ళు మూసుకుని, సీసాను గుప్పిట్లో బిగించి, థాయ్ పద్ధతిలో చేతులు జోడించి తల బాగా వంచింది. కిరీటం తూలబోతే పిన్ని పట్టుకుంది. పట్టుకున్నప్పుడే దాని బరువు తెలిసిందట. మేము ఫోటో తీసుకోలేదు.

నాలుగవ రోజు

బాలీ హై రేవు నుంచి పడవలో కో లార్న్ దీవికి వెళ్ళాము. మనిషికి 30 బాత్‌లు, ముప్పావు గంట ప్రయాణం. నీళ్ళు గాజులా ఉన్నాయి; నడుము లోతులో నిలబడినా కాలివేళ్ళు కనిపిస్తాయి. పిన్ని చీర మార్చి చుడీదారు వేసుకుని, మెడ దాకా నీళ్ళలో కూర్చుని, గంటకు పైగా బయటికి రాలేదు.

ఒడ్డున గొడుగు కింద కొబ్బరిబొండాలు తాగుతున్నప్పుడు, నేను అడగకుండానే, తాను ఆట ఎందుకు మానేసిందో చెప్పింది. 1986లో, ఒక వర్షం పాటలో, తడిసిన పలకల మీద జారి మోకాలు తిరిగింది. పాట ఆగలేదు. మరో అమ్మాయిని ఆమె చోట నిలబెట్టి షూటింగు పూర్తి చేశారు. ఆనాటి కాల్షీటు డబ్బు మాత్రం ఇచ్చారు. ఆ తరువాత తెలుగు సినిమా మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలిపోయింది. "ఆ పిల్లను వరుస మార్చి కింద నిలబెట్టారు చూశావా, ఇంటికి పంపలేదు" అన్నది. రాత్రంతా ఆమె ఆ ఒక్క సంగతినే తలపోసిందని నాకప్పుడు తెలిసింది.

ఈ దేశంలో ట్రాన్స్ మహిళలకు అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అనను. 2025 జనవరి 23న వివాహ సమానత్వ చట్టం అమలులోకి వచ్చింది. కాని అప్పటికీ గుర్తింపు పత్రాల్లో పుట్టినప్పుడు రాసిన లింగాన్ని మార్చుకునే వీలు చట్టంలో లేదు. మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఆ గుర్తింపును హక్కుగా ప్రకటించింది. తమిళనాడు ప్రభుత్వం 2008లోనే వారికి సంక్షేమ మండలి పెట్టింది. తిరునంగై అయిన భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్ గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. కాగితం మీద మనం ముందున్నాము. కాని వెయ్యి కుర్చీల హాలు, రాత్రి రాత్రికీ ఆట, నెలనెలా జీతం, ఎదుట కుటుంబాలతో కూర్చున్న ప్రేక్షకులు, ఇవి చెన్నైలో తిరునంగైలకు ఎక్కడున్నాయి? సిగ్నళ్ళ దగ్గర కారు అద్దాలు పైకెత్తుకునే మనం, విమానమెక్కి వచ్చి ఇక్కడ చప్పట్లు కొడుతున్నాము. నాకు ఇది బాధగా ఉంది. నేనూ అద్దం ఎత్తిన రోజులున్నాయి.

ఐదవ రోజు

తిరుగు ప్రయాణం. సువర్ణభూమిలో, బయలుదేరే అంతస్తులో, క్షీరసాగర మథనం శిల్పం నిలువెత్తుగా ఉంది. ఒకవైపు దేవతలు, ఒకవైపు రాక్షసులు, మధ్య వాసుకి. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. పిన్ని తోక వైపు నుంచి తల వైపుకు నడిచి చూసి, "మోహిని వచ్చేది దీని తరువాతే కదా" అన్నది.

విమానం వేళకే దిగింది. మీనంబాక్కం నుంచి సాలిగ్రామానికి వెళ్తూ కారు నూరడుగుల రోడ్డు మీద, వడపళని సిగ్నలు దగ్గర ఆగింది. ఒకప్పుడు వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మాలు, ఆసుపత్రి. మామూలుగా అయితే పిన్ని ఏ గేటులో నుంచి లోపలికి వెళ్ళేవారో, ఏ ఫ్లోరులో ఏ పాట తీశారో చెబుతుంది. ఈసారి అటు చూడలేదు. చేతిసంచిలో ఏదో వెతుక్కుంటున్నది.

"ఏం పోయింది పిన్నీ?" అన్నాను.

"ఏమీ పోలేదు. ఆ సీసాలో సగమే ఉంది అమ్మాయ్. రెండు రోజులకు కూడా రాదు. వెళ్ళేముందు కొత్తది కొనుక్కుని ఉండవలసింది" అన్నది.